తనిఖీ రోజున వచ్చే డాక్టరు

కార్వేటినగరంలోని ఒక క్లినిక్‌లో తల్లి కాలికట్టు విప్పగానే కొడుకు వంగి చూశాడు. షుగరు పుండుతో బొటనవేలు నల్లబడింది. కట్టు విప్పింది ఫిజీషియన్ అసిస్టెంటు, అంటే డాక్టరు కింద పనిచేసే సహాయకుడు.

“డాక్టరు యాడప్పా?” అని కొడుకు అడిగాడు.

“తిరుపతిలో ఉండాడన్నా. ఆయన పర్యవేక్షణలో నేను చూడొచ్చని రూలుండాది.”

“ఈ వేలు ఆడికి కనబడతాదా?”

“ఫోటో పంపినా. జవాబుగా సెల్లులో సరేనని బొటనవేలు బొమ్మ పెట్టినాడు.”

“మాయమ్మ వేలు పోతా ఉంటే, ఆయన వేలు చూపిస్తాడా! ఇట్లాంటి క్లినిక్కులు ఎన్ని చూస్తాడబ్బా?”

“ఐదన్నా.”

“ఐదూళ్లలో ఒకేసారి ఉంటాడన్నమాట. మా నాయన కూడా ఆయన పర్యవేక్షణలోనే పోయినాడు. కడదాకా ఆయన మొగం చూడలేదు. అసలు ఈడికి ఎప్పుడొస్తాడు?”

“తనిఖీ ఉండే రోజు. ఆఫీసర్ల కంటే ముందే వచ్చి కుర్చీలో కూర్చుంటాడు.”

కొడుకు సెల్లు బయటికి తీశాడు.

“అయితే ఇప్పుడే ఫిర్యాదు చేసి తనిఖీ పెట్టిస్తా.”

“దారిలో చేద్దువుగానన్నా. ముందు అమ్మను తిరుపతి పెద్దాసుపత్రికి తీసకపో.”

“డాక్టరు చెప్పకుండా నువ్వు పంపించొచ్చా?”

“పంపకూడదు. నేను రూలు తప్పి పంపినానని ఆ ఫిర్యాదులో నా పేరు కూడా చెప్పు. అట్లయితే ఆయన సాయంత్రానికే ఈడుంటాడు.”