దారిలో కొన్న క్షమాపణ

క్యోటో సందులోని మిఠాయి కొట్టుకి నల్ల కోటు మనిషి వచ్చాడు. కోటు మీది కంపెనీ బిళ్ళని గల్లా దగ్గరున్న ఆమె చూడగానే గుర్తుపట్టింది. ఆమె కొడుకు షోహెయ్ చచ్చేదాకా పెట్టుకున్న బిళ్ళే అది.

“చెర్రీ ఆకు చుట్టిన మోచీ బియ్యపుండలు ఒక పెట్టె కట్టండమ్మా.”

“శుభానికా, అశుభానికా?”

“క్షమాపణకి. మా ఆఫీసు కుర్రాడు పోయాడు. వాళ్ళమ్మని చూడాలి. ఇల్లు ఈ వెనకేనట.”

“అలాంటప్పుడు మీ ఊరి మిఠాయి తేవాలి కదా బాబూ! వాళ్ళింటి పక్కనే కొంటే, దారిలో గుర్తొచ్చి కొన్నట్టుండదూ?”

“నిజమేనమ్మా. తీరిక దొరకలేదు.”

“వాడికీ దొరకలేదులే. దేంతో పోయాడు?”

“గుండెతో. రాత్రింబవళ్ళు పని చేయించి చంపామంటున్నారు. కాదు, పుట్టుకతోనే జబ్బు గుండె. ఆవిడ కూడా ఆ మాటే అంటే గొడవుండదు.”

“ఆవిడ అనదు.”

“మీకెలా తెలుసు?”

“ఆ గుండె నా కడుపులో తయారైంది కనక. దానికి ఏ జబ్బూ లేదు.”

అతను నుదురు బల్లకి తగిలేదాకా వంగాడు.

“లే నాయనా. వంగితే కోర్టులో వంగుదువుగాని. వెనక కొనేవాళ్ళున్నారు, జరుగు.”