పదకొండు టైల్స్ ఎక్కువ

సగం టైల్స్ వేసిన వంటగది. నేల మీద మోకాళ్లూని బావ, గుమ్మంలో క్యాలిక్యులేటర్ పట్టుకుని మరదలు. అందులో టైల్స్ లెక్కకి ఫార్ములా రాసిపెట్టిన మహానుభావుడు బావే.

"లెక్కలో పదకొండు ఎక్కువొచ్చాయి బావా."

"ఫార్ములా తప్పు చెప్పదు. గది నువ్వే వంకరగా కొలిచుంటావు."

"గది బాగానే ఉంది. కాగితం మీద కూడా లెక్కేశా. తిక్కంతా నీ ఫార్ములాకే."

"పదకొండా?"

"పదకొండే."

"పదకొండు రాకూడదే! అదీ... నొక్కేటప్పుడు తెర మీద ఏమైనా కనిపించిందా?"

"ఏం కనిపించాలి?"

"ఏం లేదు. ఊరికే."

"ఊరికే అయితే చెవులెందుకలా ఎర్రబడ్డాయి? ఏం దూర్చావు ఇందులో?"

"కమాండు. నిన్నో మాట అడగమని."

"ఫార్ములాలో కమాండు పెడితే మిషన్ ఒప్పుకోదని నువ్వేగా చెప్పావు?"

"ఒప్పుకోదు. దానికి అంకెలే కావాలి. అందుకే కమాండుని చిన్న ప్రోగ్రాంలో దాచా. అది ఆగి, ఒక మాట అడిగి, మనం నొక్కిన అంకెని తెచ్చిస్తుంది. అంకె చేతిలో పడితే ఫార్ములా కిక్కురుమనదు, లెక్కలో కలిపేసుకుంటుంది."

"దొంగకి పెళ్లికొడుకు వేషం వేసి పంపావన్నమాట!"

"పె... పెళ్లెందుకిప్పుడు?"

"మాటవరసకన్నాలే. ఏ అంకె నొక్కాలి?"

"ఒకటి గానీ సున్నా గానీ. సున్నా అయితే లెక్క మారదు. ఏమీ జరగనట్టే టైల్స్ వేసుకుని ఎవరి దారిన వాళ్లం పోతాం."

"ఒకటైతే?"

"సరే అని."

"దేనికి సరే?"

"చదవలేదా నువ్వు?"

"నువ్వు చెప్పు. నోరుండగా మిషన్‌తో అడిగించడమేంటి?"

"నీ ముందుకొస్తే ఆ నోరు పనిచెయ్యదే! సరే... నన్ను పెళ్లి చేసుకుంటావా? హమ్మయ్య, అనేశా. మామయ్యకి మాత్రం చెప్పకు, టైల్స్ బదులు నన్ను పరిచేస్తాడు."

"ఇంతకీ పదకొండెందుకొచ్చిందో తేల్చావా?"

"అదే అంతుబట్టట్లేదు! పదకొండుకి నేను అర్థమే పెట్టలేదు. అవునా, కాదా?"

"నేను ఒకటి నొక్కా బావా. నా భుజం మీంచి చదువుతున్న నాన్న ఆగలేక, దాని పక్కనే తనూ ఒకటి నొక్కేశాడు."