తలాయ్ గుర్రాన్ని తోలుకెళ్లింది నేనే

నా పేరు జూరా ఎసెన్‌కులోవా. వయసు నలభై ఏడు. నారిన్ పట్నానికి ఎగువనున్న సారీ-బులక్ గ్రామంలో ఉంటాను. గొర్రె ఉన్ని ఒత్తి, కంబళ్లు కుట్టి అమ్ముకోవడం నా పని. గుర్రం పోయిందని ఫిర్యాదు చేసిన తలాయ్ నా సొంత తమ్ముడు. మా అమ్మ పోయేనాటికి వాడికి ఆరేళ్లు. పెంచింది నేనే. ఈ కేసు మొదట చూసిన పోలీసు అధికారి ఒరోజ్‌బెక్ గారు తామే సాక్షి అయిపోయారు కనుక నా వాంగ్మూలం మీరు తీసుకుంటున్నారని చెప్పారు. నన్ను ఎవరూ భయపెట్టలేదు. టీ ఇచ్చారు.

రెండేళ్ల కిందట గడ్డికోతల్లో తలాయ్ ఉన్నట్టుండి కిందపడి కాళ్లూ చేతులూ కొట్టుకున్నాడు. మూర్ఛ అనుకున్నాం. బిష్కెక్‌లో తలకు ఫోటోలు తీసి, మెదడులో ఒకచోట రక్తనాళాలు పుట్టుకతోనే చిక్కుపడి ఉన్నాయన్నారు. వాటి గోడలు పల్చన, ఎప్పుడైనా చిట్లవచ్చన్నారు. చిక్కు లోతుగా ఉంది, కత్తి పెట్టలేమన్నారు. పక్క దేశంలోని ఆస్తానా తీసుకెళ్లాం. అక్కడ తలకు చట్రం బిగించి, బయటి నుంచే కిరణాలు పంపారు. మధ్యాహ్నానికి వాడు తన కాళ్ల మీద తాను నడిచి వచ్చి ఆకలేస్తోందన్నాడు.

"చూశావా అక్కా, కోత లేదు, కుట్టు లేదు. పీడా పోయింది" అన్నాడు.

అక్కడి డాక్టరు ఆ మాట విన్నాడు. "పోలేదయ్యా. పోవడం ఇప్పుడే మొదలైంది. కిరణాలు తగిలిన నాళాలు మెల్లగా దళసరెక్కి మూసుకుంటాయి. రెండేళ్లు పట్టొచ్చు, మూడేళ్లు పట్టొచ్చు. పూర్తిగా మూసుకునేదాకా లోపల రక్తం చిమ్మే ప్రమాదం మునుపటిలాగే ఉంటుంది. సగం మూసుకుంది కదా అని ధీమా పడకూడదు. పెద్ద తలనొప్పి, వాంతి, మాట తడబడటం, చెయ్యి పట్టు తప్పటం, ఏదొచ్చినా క్షణం ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి" అన్నాడు. నేను ప్రతి మాటా విన్నాను. వాడు కిటికీలోంచి బయట కారేదో చూస్తున్నాడు.

ఏడాదిన్నర గడిచింది. మూర్ఛ మళ్లీ రాలేదు. మాత్రలు వేసుకున్నాడు, ఒళ్లు చేశాడు. చచ్చిన మేక కోసం రెండు జట్లు గుర్రాల మీద కలబడే కోక్-బోరు ఆటలో మా ఊరికి వాడే బలం. ఈ వేసవిలో కొండల మీది సోన్-కుల్ సరస్సు ఒడ్డున ఒక పెద్దాయన సంవత్సరీకం విందుకు పెద్ద ఆట పెట్టారు. మా జట్టు పెద్ద జుమాకదిర్ మా ఇంటికి వచ్చి, నా ఎదుటే తలాయ్‌ని దెప్పాడు.

"ఏరా, డాక్టర్లు తలలోది తీస్తూ తీస్తూ గుండె కూడా తీసేసుకున్నారా?"

"ఆట రోజు చూద్దువుగాని బావా, ఏది ఉందో ఏది లేదో" అన్నాడు మావాడు.

జుమాకదిర్ చెడ్డవాడు కాడు. అతనికి ఎవరూ సరిగా చెప్పలేదు. తలాయే చెప్పనివ్వలేదు.

వాడి భార్య ఐజాదా ఏడ్చింది. బూట్లు దాచింది. మేజోళ్లతో ఎక్కుతానన్నాడు. నేను వెళ్లి, "ఒరేయ్, లోపల ఇంకా మూసుకోలేదురా" అన్నాను.

"నువ్వు చూశావా?"

"డాక్టరు చెప్పాడు."

"డాక్టరు గుర్రమెక్కుతాడా? అక్కా, నువ్వు నీ కంబళి కుట్టుకో. నా తల సంగతి నేను చూసుకుంటా."

"నీ తల నువ్వే చూసుకోగలిగితే ఆస్తానా దాకా ఎందుకు ఈడ్చుకెళ్లానురా నిన్ను?"

వాడు నవ్వాడు. వాడు నవ్వాడంటే ఇక వినడని అర్థం.

ఆటకు ముందు రోజు, అంటే గురువారం, మధ్యాహ్నం రెండు గంటలప్పుడు తలాయ్ జీను బాగుచేయించడానికి వెళ్లాడు. నేను వాడి దొడ్లోకి వెళ్లి గుర్రాన్ని విప్పాను. ముదురు ఎరుపు గుర్రం, ఎడమ వెనక కాలికి తెలుపు. జీను లేదు కనుక పాత కంబళి ఒకటి వేసి ఎక్కాను. ఊరి మధ్యనుంచే వెళ్లాను. అందరూ చూశారు. "ఎటు జూరా అక్కా?" అన్నారు. "గాలికి" అన్నాను. అక్క తమ్ముడి గుర్రమెక్కితే దొంగతనమని ఎవరనుకుంటారు? ఐజాదా గుమ్మంలో పిండి పిసుకుతోంది. తలెత్తలేదు. ఆమె తలెత్తలేదు కాబట్టి ఆమెకు ఈ కేసుతో సంబంధం లేదని రాసుకోండి.

నేను గుర్రమెక్కి పదేళ్లయింది. తొడలు ఒరుసుకుపోయాయి. వంతెన మీద అది మొరాయించింది. దిగి, నా రొట్టెముక్క దానికి పెట్టి నడిపించాను. పక్క లోయలో నా స్నేహితురాలు బుబుకాన్ ఇంటికి చేరేసరికి పొద్దు వాలింది.

"ఎవరిదే ఇది?" అంది.

"తమ్ముడిది."

"అడిగి తెచ్చావా?"

"అడిగితే ఇచ్చేవాడే అయితే తెచ్చేదాన్నే కాదు."

ఆమె గుర్రానికి నీళ్లు పెట్టింది. గడ్డి వేసింది. నాకు కాళ్లకు వెన్న రాసింది.

శుక్రవారం పొద్దున్నే ఐజాదా ఫోన్ చేసింది. "వదినా, గుర్రాన్ని అవతలి జట్టువాళ్లే ఎత్తుకుపోయారని ఎవరో మీ తమ్ముడికి ఎక్కించారు. ఫలానా మనిషని పేరు కూడా రాయిస్తానంటూ నారిన్ పోలీసు స్టేషన్‌కు వెళ్లాడు" అంది. నన్ను చూసినవాళ్లెవరూ వాడికి చెప్పలేదన్నమాట. నేను చేసిన పనికి ముక్కూ ముఖం తెలియనివాడు లాకప్‌లో కూర్చోవడం న్యాయం కాదు. దారిన పోయే పాలవ్యాను ఆపి ఎక్కాను.

స్టేషన్‌కు పదిన్నరకు చేరాను. తలాయ్ ఒరోజ్‌బెక్ గారి బల్ల ముందు కూర్చుని చెబుతున్నాడు. ముఖం ఎర్రగా ఉంది. నేను లోపలికి వెళ్లి నిలబడి, "అయ్యా, ఎవరి పేరూ రాయకండి. గుర్రాన్ని నేనే తోలుకెళ్లాను" అన్నాను.

ఒరోజ్‌బెక్ గారు పెన్ను కింద పెట్టారు. తలాయ్ లేచాడు.

"నువ్వా? పెంచానన్న పొగరా నీకు? ఊరంతా నా ముఖాన ఉమ్మేలా చేశావు గదే!"

"ఉమ్మనీరా. తుడుచుకోవడానికి ముఖం ఉంటుంది" అన్నాను.

వాడు మళ్లీ నోరు తెరిచాడు. ఈసారి వచ్చింది తిట్టు కాదు, టీ కాచుకునే గిన్నె పేరు. "కేటిల్" అన్నాడు. "కేటిల్ను కేటిల్ చేశావు" అన్నాడు. ఒరోజ్‌బెక్ గారు వెటకారం అనుకున్నారు. "ఇది పోలీసు స్టేషన్, మర్యాదగా కూర్చో" అన్నారు. అప్పుడు నేను వాడి కుడిచేతిని చూశాను. చేతిలోని టోపీ జారి పడింది. వాడు దాన్ని తీసుకోవడానికి వంగలేదు. పడిందని వాడికి తెలియలేదు. కుడిచెయ్యి ఇంకా పట్టుకున్నట్టే ముడుచుకుని ఉంది.

"అయ్యా, మెదడులో రక్తం!" అని అరిచాను. ఆస్తానా డాక్టరు చెప్పిన మాటలన్నీ ఒక్క గుక్కలో చెప్పాను. ఒరోజ్‌బెక్ గారు వెంటనే జీపు తీయించారు. ఆయనా ఒక కానిస్టేబులూ వాడిని ఎత్తి జీపులో పడుకోబెట్టారు. వాంతి ఆయన చొక్కా మీదే అయింది. ఆయన వాడి తల పక్కకు తిప్పి పట్టుకుని, "ఊపిరి తీసుకో తమ్ముడూ, నీ గుర్రం దొరికింది, ఊపిరి తీసుకో" అంటూనే ఉన్నారు. పావుగంటలోపే పెద్దాసుపత్రిలో ఉన్నాం. చికిత్స జరిగిన తల అని ముందే చెప్పాను కనుక వాళ్లు వెంటనే ఫోటో తీశారు. చిక్కులో మూసుకోని కొమ్మ ఒకటి చిట్లి రక్తం గడ్డకట్టిందన్నారు. రక్తపోటు దించి, మందులు ఎక్కించి, అంబులెన్సులో బిష్కెక్ పంపారు. అక్కడ గడ్డను తీసేశారు.

ఐజాదా కూడా వచ్చి చేరింది. ఆపరేషన్ గది బయట నాకు ఒకటే ఆలోచన. స్టేషన్లో నేను నోరు మెదపకుండా ఉంటే వాడు లేచేవాడు కాడు. వాడికి కోపం రాకపోతే అది చిట్లేది కాదు. గుర్రాన్ని తియ్యకపోతే అసలు ఏదీ జరిగేది కాదు. నేనే చంపుకున్నాను అనుకున్నాను. బిష్కెక్ డాక్టరమ్మ బయటికి రాగానే ఇదే అడిగాను.

ఆమె మాస్కు కిందికి లాగి, "వదినామరదళ్లిద్దరూ ముందు కూర్చోండి" అంది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. "కోపం వల్లనే చిట్లిందని ఎవరూ చెప్పలేరు. నిద్రలో చిట్లినవి చూశాను, అన్నం తింటుండగా చిట్లినవీ చూశాను. మూసుకోనిది ఎప్పుడైనా చిట్లుతుంది. ఎప్పుడు చిట్లిందన్నది మీ చేతిలో లేదు. చిట్లినప్పుడు మనిషి ఎక్కడున్నాడన్నదే లెక్క. ఇతన్ని నాకు బతికుండగా తెచ్చారు. అది చాలు."

ఐజాదా నా ఒళ్లో తలపెట్టి ఏడ్చింది. నేను ఏడవలేదు. నాకు నిద్ర వచ్చింది.

తర్వాత జుమాకదిర్ గొర్రెమాంసం వండించుకుని ఆస్పత్రికి వచ్చాడు. లోపలికి రానివ్వలేదు. మెట్ల మీద కూర్చుని, "అక్కా, ఆ సమయానికి మేం సరస్సు ఒడ్డున ఉన్నాం. ఫోన్ అందదు. వాడు అక్కడ పడితే కిందకు తెచ్చేసరికి సాయంత్రమయ్యేది. నేనే రమ్మన్నాను వాణ్ని, నేనే..." అని మాంసం గిన్నె నా ముందుకు తోశాడు. ఆ మాంసం మేం ముగ్గురం మెట్ల మీదే తిన్నాం.

కొత్త ఫోటోలో చిక్కు చాలావరకు మూసుకుపోయి కనిపించింది. ఇంకా సన్నని పోగు ఒకటి మిగిలిందట. అది మూసుకునేదాకా జాగ్రత్త తప్పదు. ప్రమాదం పూర్తిగా పోలేదు, నాకు తెలుసు. కానీ కుడిచెయ్యి కదులుతోంది. చెంచా పట్టుకుంటున్నాడు. మాటే ఇంకా సరిగా రాలేదు. అన్నాన్ని కేటిల్ అంటాడు, ఐజాదాను కేటిల్ అంటాడు, తప్పని తెలిసి తానే తల కొట్టుకోబోతే మేం చెయ్యి పట్టుకుంటాం.

గుర్రం ఇప్పుడు తలాయ్ దొడ్లోనే ఉంది. నేనే తెచ్చి కట్టేశాను. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నట్టు వాడు వేలిముద్ర వేస్తాడని ఐజాదా చెప్పింది.

నిన్న నారిన్ బయలుదేరే ముందు వాడి మంచం దగ్గరికి వెళ్లి, "తమ్ముడూ, నన్ను పోలీసులు పిలిచారు. నేనెవర్నో చెప్పు, వెళ్లొస్తాను" అన్నాను. వాడు చాలాసేపు నా ముఖంలోకి చూశాడు. పెదవులు రెండుమూడు రకాలుగా పెట్టి చూసుకున్నాడు. తర్వాత, "దొంగ" అన్నాడు. స్పష్టంగా అన్నాడు. డాక్టరమ్మ తలుపు దగ్గర నిలబడి ఉంది, ఆమె కూడా విని చప్పట్లు కొట్టింది.

గుర్రాన్ని దొంగిలించావా అని మీరు అడిగారు. అవును అని రాసుకోండి.

పైన రాసినదంతా నాకు చదివి వినిపించారు. ఇందులో నేను కల్పించింది లేదు, దాచింది లేదు. కోర్టులో అడిగినా ఇదే చెబుతాను.

సంతకం: జూరా ఎసెన్‌కులోవా