రెండు చుక్కలు, కింద గీత

వరద తీసి పదో రోజు పొద్దున. వీధి చివర లాండ్రీ కొట్టు, గోడల మీద మనిషెత్తు దాకా బురద గీత. కొట్టాయన్ని వీధంతా బాబాయ్ అనే పిలుస్తుంది. వచ్చింది ఎదురింటి ఎలక్ట్రీషియన్ భార్య. ఆ ఎలక్ట్రీషియన్ ఇంకా ఇల్లు చేరలేదు.

"అది కాదు బాబాయ్, మిగతావి ఎప్పుడిచ్చినా సరే. ఈ తెల్ల చొక్కా మాత్రం ఇవాళే కావాలి."

"ఇవాళ ఎక్కడవుతుందమ్మాయ్. ఎంత గుట్టుందో చూడు. కంపౌండర్ వాళ్లవి, హోటలాయనవి, మేస్త్రీ ఇంట్లోవి. నాలుగు నీళ్లు పెడితే గానీ బురద వాసన వదలడం లేదు."

"దీన్ని ఉతకక్కర్లేదు. బీరువా పైన పెట్టెలో ఉండి బతికిపోయింది. ఇస్త్రీ చేస్తే చాలు."

"ఇస్త్రీ పెట్టె నీళ్లలో పాడైందిగా."

"హోటలాయన వాళ్లింట్లోది తెచ్చి ఇచ్చాడటగా."

"ఇచ్చాడనుకో. కరెంటు రావాలిగా."

"నీ నెత్తి మీద బల్బు వెలుగుతోంది బాబాయ్."

"వెలుగుతోందా. చూసుకోలేదు. అవునుగానీ, మీ ఇంట్లో పని ఎంతవరకొచ్చింది?"

"అయిపోయింది. అందరూ తమ ఇళ్లొదిలేసి ముందు మా ఇంట్లో బురదే ఎత్తిపోశారు. మేస్త్రీ గారి వంటిల్లు కూలిపోయి ఉంది, ఆయనొచ్చి మా గోడకి ఆసరా పెట్టాడు. హోటలాయన రెండు పూటలా క్యారేజీ పంపుతున్నాడు. నన్ను చీపురు కూడా ముట్టుకోనివ్వడం లేదు. అందరూ ఇంత మంచిగా ఉంటే భయమేస్తోంది బాబాయ్."

"భయమెందుకు. ఆ రోజు మీ ఆయన టైరు ట్యూబు మీద ఎంతమందిని దాటించాడు. ఆమాత్రం చెయ్యకపోతే మేం మనుషులమేనా."

"నిన్న సాయంత్రం ఆస్పత్రి జీపు నీ కొట్టు ముందు ఆగిందట."

"ఆగింది. దారి అడిగారు."

"దారి అడగడానికి అరగంటా? చేతిలో కవరు కూడా ఉందట."

"ఆఁ, కవరు. అందులో ఏదో ఖాకీ చొక్కా. కాలర్లో గుర్తు చూసి ఎవరింటిదో చెబుతానేమోనని."

"చెప్పావా?"

"అలుక్కుపోయింది తల్లీ."

"నీ సిరా అలుక్కుపోయిందా?"

"అన్ని రోజులు నీళ్లలో నానితే ఏ సిరా అయినా..."

"బట్ట చిరగాలే గానీ నా సిరా పోదు అని ఇంటింటికీ నువ్వేగా చెబుతావు. మా ఆయన పెళ్లినాటి చొక్కా రంగంతా వెలిసి మసిగుడ్డయింది. ఇప్పటికీ కాలర్లో రెండు చుక్కలూ, కింద గీతా అలాగే ఉన్నాయి."

"కూర్చో అమ్మాయ్. ఆ మెట్టు తుడిచాను, దాని మీద కూర్చో."

"కూర్చోను. వాళ్లకేం చెప్పావు?"

"నాకు తెలీదన్నాను."

"తెలీకపోతే ఏం చేస్తారట?"

"వదిలెయ్ తల్లీ. చొక్కా ఇటివ్వు, చేసి పెడతాను."

"ఏం చేస్తారట బాబాయ్?"

"ఇవాళ సాయంత్రం దాకా ఎవరూ రాకపోతే... మిగిలిన వాళ్లతో కలిపి పూడ్చేస్తారట. పేరు లేకుండా. మొహం చూసి చెప్పే స్థితి లేదట. ఆ చొక్కా ఒక్కటే ఆధారమట."

"అంటే నీ మాట ఒక్కటే."

"నా మాటే. రెండు చుక్కలు, కింద గీత. నా చేత్తో పెట్టిన గుర్తు నాకు తెలీకపోవడమేంటి. ఏ మొహం పెట్టుకుని చెప్పను? ఆ రోజు మీ ఆయన నా చెయ్యి పట్టుకుని రా రా అని లాగాడు. నేనే కదల్లేదు. ఇంతమంది బట్టలు నా పూచీ, తడిస్తే ఏం సమాధానం చెప్పను అని మొండికేశాను. ఇక నాతో పడలేక వాడే మూటలన్నీ అటక మీదకి అందించాడు. నన్నూ ఎక్కించాడు. ఇంకొక్క మూటుంది బాబాయ్, ఉండు అని మళ్లీ కిందకి దిగాడు. ఆ మూటలో ఏమున్నాయో తెలుసా? దుప్పట్లు. లాడ్జి దుప్పట్లు."

"దుప్పట్లా."

"దుప్పట్లే."

"వాటి కోసమా బాబాయ్."

"నన్ను తిట్టు. రెండు దెబ్బలు వెయ్యి, పడతాను. వాణ్ణి పొట్టన పెట్టుకున్నవాణ్ణి, మళ్లీ నా నోటితోనే అవునని చెప్పాలా? తెలీదంటే ఇంకొన్నాళ్లు నువ్వు గుమ్మం వైపు చూస్తూ ఉంటావు, ఆ కాస్త ఆశైనా మిగులుతుంది అనుకున్నాను."

"నిన్నటి నుంచీ నేను గుమ్మం వైపు చూడ్డం లేదు బాబాయ్."

"అదేంటి?"

"జీపు ముందు మా ఇంటికే వచ్చింది."

"మీ ఇంటికా?"

"ఆ చొక్కాకి రెండో బొత్తాం ఊడిపోతే, ఇంట్లో వేరే దారం లేక ఎర్రదారంతో కుట్టాను. ఆయన నవ్వాడు కూడా, ఇదేం సోకే అని. అదే దారం. తడిమి చూసుకుని, మాది కాదన్నాను. నోట్లోంచి అదే వచ్చింది. వాళ్లు వెళ్లిపోతుంటే వెనక్కి పిలిచి, కాలర్లో గుర్తుంటుంది, లాండ్రీ ఆయన్ని అడగండి అని నీ దగ్గరికి పంపించింది నేనే. నువ్వు అవునంటావనుకున్నాను బాబాయ్. అందుకే పొద్దున్నే, ఆయనకి కడసారి తొడగడానికి ఈ తెల్ల చొక్కా తెచ్చాను."