చెప్పులు విడిచిన వకీలు

చెప్పులెందుకు విడిసినవ్‌రా కట్టయ్యా? నిండు కోర్టుల, నల్లకోటు ఏసుకోని! లెవ్వకు, లెవ్వకు. దవడ ఇరిగినోనివి, జవాబు చెప్పకు. నేనే మాట్లాడుత, నువ్వు పండుకోని ఇను.

ఎమర్జెన్సీ పోయిందంటిమి, నెక్కొండ కాడి దొర పోయిండా? కూలి పెంచుమన్నందుకు యాకయ్య చెయ్యి ఇరగ్గొట్టిచ్చిండు. మళ్ల తన వడ్లబస్తాలు దోసుకపోయిండని దొంగకేసు పెట్టి ఆయన్నే జైలుకు పంపిండు. సాక్షి బోనుల దొర, అడగవలసిన వకీలువి నువ్వు. దొర బోనెక్కంగనే నీ కాళ్లు చెప్పులు విడిసినయేందిరా?

"అట్లనే నిలబడి అడుగు" అన్నడట గదా దొర, నవ్వుకుంట.

నా కడుపు మండిపోయింది. కాలేజీల లా పాఠం అయినంక మిమ్ముల మా ఇంటికి పిలిచి ఎన్ని తీర్ల నేర్పిన! దొర ఏషం నేనే కడితి. మీసం తిప్పితి, తల్లులను తిడితి, కట్టెతోని ఈపుల మీద సరిస్తి. బెదరకుంట అడుగుమంటి. నీ తోటి చదివిన యాకమ్మ ఏడ్సి లేసిపోయింది. నువ్వు మాత్రం కండ్లల్ల కండ్లు పెట్టి అడిగినవ్. వీడు వకీలైతడని మా ఇంటామె సుశీలకు గూడ చెప్పుకున్న.

ఆమెనే పొద్దున అన్నది. "మీ కోర్టు మనింట్ల నడిసె. అందరి చెప్పులు గడప బయటనే ఉండె. చెప్పులు తొడుక్కోని దొర ముందట నిలబడుడు మీరెప్పుడు నేర్పిండ్లు?"



అయినా మళ్ల తొడుక్కున్నవట. ఇరిగిన చెయ్యితోని యాకయ్య బస్తా ఎట్ల లేపిండని అడిగినవట. దొర మొఖం నల్లవడ్డది, జడ్జి రేపటికి వాయిదా ఏసిండు. అందుకే గదా దొర మనుషులు బస్టాండుల పట్టుకున్నది! సైకిల్ చైన్లతోని కొట్టిండ్లు. కింద పడ్డంక నోట్లె నీ చెప్పే కుక్కి, దవడ మీద బండతోని గుద్దిండ్లు. జనమంత చూసుకుంట నిలబడ్డరు. ఊడిన నీ పండ్లు మట్టిలకెల్లి ఏరుకొచ్చింది యాకయ్య పెండ్లాం సమ్మమ్మ.

రేపు ఎవలు అడగకపోతే దొర చెప్పిందే ఖాయం. యాకయ్య జైల్లనే కుళ్లుతడు. సమ్మమ్మ దవాఖాన వరండాల కూసున్నది. సార్, మీరున్నరు గదా అంటాంది. ఉన్న, నేనడుగుత అన్న. అని వచ్చిన.

నీకొక్కనికే చెప్తాన ఇను. పాఠం చెప్పుడే గని, నేను కోర్టుల ఒక్క దొరనన్న అడిగినోన్ని కాదురా. దవాఖాన గేటు కాడ దొర జీపు నిలబడ్డది. అది చూసి ఎనుక తలుపుకెల్లి లోపలికొచ్చిన.

రేపు కోర్టుకు పోత, ఏం జేస్త? పోకుంటె సమ్మమ్మ మొఖం సూడలేను. పోతే ఆ పక్క మంచం నాదే. జర ఖాళీ పెట్టుమని నర్సమ్మకు చెప్పాలె.

నవ్వకురా, కుట్లు తెగుతయి.