చారులో ఉప్పు

(1981. ఎమ్మిగనూరులో కొడుకు ఇల్లు. తులసీబాయి పోయి నెల అయింది. ఆమె భర్త వెంకోబారావు విస్తరి ముందర కూర్చున్నాడు. కోడలు గిరిజ వడ్డిస్తోంది.)

"అప్పుడే భోజనం ముగించి ఉత్తరాపోశన పట్టొద్దు మామా. రెండు ముద్దలు కూడా తినలేదు మీరు."

"చాలమ్మా గిరిజా. ఆకలి లేదు."

"నెల నుంచి ఇదే మాట. ఇట్లయితే మనిషి నిలుస్తాడా? మీ అబ్బాయి నన్ను అడుగుతాండారు, మా నాయనకు ఏం పెడుతున్నావని."

"వానికి నేను చెప్తాలే. వంట బాగుంది."

"బాగుంటే తింటారు కదా. ఆదోనిలో మీ ఇంటి నుంచి, అత్తమ్మ తెలుగులో రాయించి పెట్టుకున్న పాకశాస్త్రం పుస్తకం పనిగట్టుకొని తెచ్చుకున్నాను. చారులోకి ధనియాలు, మిరియాలు, ఇంగువ, అన్నీ అందులో ఉన్నట్లే వేసినాను. ఏం తక్కువైంది?"

"ఏమీ తక్కువ కాలేదు."

"ఆ స్వామి పటం వైపు చూసి చెప్పండి."

"పటం ఎందుకమ్మా మధ్యలో... ఉప్పు."

"ఉప్పా? చెంచాడు వేసినానే. పుస్తకంలో అంతే ఉంది."

"పుస్తకంలో అంతే. మీ అత్త రెండుసార్లు వేసేది."

"రెండుసార్లా?"

"ఒకసారి వేసి, మరిచిపోయి, మళ్లా వేసేది. కడపటి మూడేళ్లు."

"మూడేళ్లు... అందుకేనా మేము ఆదోనికి వచ్చినప్పుడల్లా మీరు నన్నే వంటకు పెట్టింది? బస్సు దిగీ దిగకముందే పొయ్యి కాడికి తోస్తారని మీ అబ్బాయితో గొణిగినాను."

"గొణిగితే గొణిగినావులే. నీకు తెలిస్తే ఆమెకూ తెలిసేది."

"ఆమె తినదా ఆ చారు?"

"ఆమెకు పథ్యం కదా, ఉత్త మజ్జిగన్నమే. నైవేద్యం కాకముందు రుచి చూడరాదు, అయినాక తినేది నేనొక్కన్నే."

"అంటే దేవునికి కూడా అదే పెట్టినారా?"

"పెట్టినాము. ఆయనే ఏమీ అనలేదు. నేనేమనేది?"

"నవ్వొద్దు మామా. ఒక్క మాట చెప్పుంటే ఏం పోయేది?"

"ఒకప్పుడు వీధి వీధంతా ఆమె చారు అడిగి పోయించుకున్నవాళ్లే. ఆడపిల్ల పెళ్లి కుదిరితే ఈ పుస్తకం తీసుకొని పోయి రాసుకునేవాళ్లు. చారు చెడిందని చెప్తే ఆమె గరిటె కింద పెట్టేస్తుంది. ఆ గరిటె తప్ప ఆమెకు ఇంకేముంది?"

"సరే. ఈ గిన్నెలో ఇంకో చెంచాడు కలిపినాను. చూడండి."

"ఆ... ఇదే. ఇంకొంచెం పొయ్యమ్మా."

"నిదానంగా. ఇంత ఉప్పు ఎట్ల తిన్నారో."

"నీళ్లు తాగేవాన్ని."

"మీరు తింటే నాకంతే చాలు. పుస్తకంలో దిద్దుకుంటాను, రెండు చెంచాలని... మామా, ఈ చారు పేజీ అంచున అత్తమ్మ పెన్సిలుతో కన్నడంలో ఏదో రాసింది. నాకు కన్నడం రాదు. పాళ్లేమో."

"ఆమె చదివింది కన్నడ బడిలోనే. తర్వాత చూస్తాలే."

"ఇప్పుడే చూడండి. ఎడమచేత్తో కళ్లజోడు పెట్టుకోండి, పుస్తకం నేను పట్టుకుంటాను."

"అక్షరాలు వంకరపోయినాయి. జబ్బు చేసినాక రాసినట్లుంది... 'ఉప్పు'..."

"అన్నాను కదా, పాళ్లే. తెలుగులో చదివి చెప్పండి."

"'ఉప్పు వేసినానో లేదో నాకు తెలియడం లేదు. అడిగితే, బాగుంది అంటారు. తిన్నాక చెంబు చెంబు నీళ్లు తాగుతారు.'"

"మామా, చాలు. మూసేస్తాను."

"పట్టుకో. ఇంకా ఉంది. 'కృష్ణా, ఒక్క పూటన్నా ఆయన నోటితో నిజం చెప్పించు. నేను దిద్దుకుంటాను.'"

"మామా, చెయ్యి విస్తట్లో అట్లే ఆరిపోతాంది. ఏదన్నా మాట్లాడండి."

"తులసీ... చారులో ఉప్పు ఎక్కువైంది."