ఓబుళమ్మ కోడలి మెడ

ఓబుళమ్మని ఒకామె ఉండె. మనిషి గట్టిది, నోరు ఇంగా గట్టిది. మొగుడు పోయినాక రెండు ఎనుములను పెట్టుకొని, ఇంటింటికీ పాలు పోసి, ఒక్క కొడుకు చెండ్రాయున్ని పెద్దచేసి పెండ్లి చేసినాది. కోడలి పేరు సుబ్బరత్న. ఆ పిల్లకు మాట తక్కువ. పిలిస్తే పలుకుతాది, పిలవకుంటే ఎనుముల కాడ పని చేసుకుంటా ఉంటాది, అట్లాంటి పిల్లనుకో. ఇంగ ఓబుళమ్మకు ఒక అన్న ఉండాడు, పుల్లయ్యని. ఎప్పుడో భూమి భాగాల కాడ అన్నాచెల్లెలు మాటా మాటా అనుకొని పలకరింపులు మానేసినారంట. చెండ్రాయుని పెండ్లికి కూడా ఆయప్ప రాలా. ఆ పెండ్లిలో తాళి కట్టేటప్పుడు కూడా ఓబుళమ్మ వాకిలి దిక్కే చూస్తా ఉండిందంట, అన్న వస్తాడేమోనని. రాలా. అట్లాంటోడు ఉన్నట్టుండి కబురు పంపినాడు, రేపు మీ ఇంటికి భోజనానికి వస్తాండానని. ఇంగ చూడు, ఆయమ్మకు కాలు నిలవలా.

ఏమైందంటే, రేపు పని ఉంటాదని ముందుగానే ఎనుములకు కసువు కోసుకొచ్చుకుందామని అత్తాకోడళ్ళు చేనికి పోయినారంట. రోజూ ఎవరి మోపు వాళ్ళు నెత్తిన పెట్టుకొని వస్తారు. ఆ పొద్దు ఓబుళమ్మ ఏమనిందంటే, "అమ్మీ, నాకి మోకాళ్ళు నొస్తాండాయి, నా కసువు కూడా నీ మోపులోనే కట్టుకో" అనింది. ఆ పిల్ల కట్టుకొనింది. నెత్తికి ఎత్తేదానికి గట్టు మీద పోయేవాళ్ళను పిలవాల్సి వచ్చిందంట, అంత మోపు. వంక దాటేటప్పుడు కాలు జారినాది. మోపు పడిపోకుండా మెడ బిగబట్టి నిలబడినాది. ఆడ చురుక్కుమనింది. అయినా ఇల్లు చేరేదాకా దించలా. మీరైతే ఏం చేస్తారు, దించుతారు కదా. ఆ పిల్ల దించలా, దించితే మళ్ళీ ఎత్తేవాళ్ళు ఎవురని.

తెల్లారి లేచేసరికి మెడ కట్టెలాగా బిగుసుకుపోయినాది. ఈ పక్క తిరగదు, ఆ పక్క తిరగదు. ఎవురన్నా పిలిస్తే మనిషి మనిషంతా తిరగాల్సిందే. అత్త కాడికి పోయి, "అత్తా, మెడ పట్టుకొనింది, వంగలేకుండా ఉండా" అని చెప్పినాదంట. ఓబుళమ్మ పప్పు ఏరుతా, తలెత్తకుండానే, "మా అన్న వచ్చే పొద్దే పట్టుకోవాల్నా నీ మెడ? పనికి ఒళ్ళు వంగకపోతే వంగదని చెప్పు" అనింది. ఆ పిల్ల పోయి వంట కాడ నిలబడినాది.

మజ్జానానికి పుల్లయ్య వచ్చినాడు. తెల్ల పంచె, చేతిలో అరటిపండ్ల అత్తం. ఓబుళమ్మ కండ్లనీళ్ళు పెట్టుకొని కాళ్ళకు నీళ్ళిచ్చి మంచం వేసినాది. ఇరుగుపొరుగు ఆడోళ్ళు కూడా వాకిట్లో చేరినారు, ఇన్నేండ్లకు అన్న వచ్చినాడంట అని. "అమ్మీ, మీ పెదనాయన కాళ్ళకు మొక్కు" అనింది ఓబుళమ్మ. ఆ పిల్ల వచ్చి నిటారుగా నిలబడి రెండు చేతులూ జోడించినాది. "ఈడ్నుంచే మొక్కుతాండా పెదనాయనా" అనింది. పుల్లయ్య నవ్వినట్టు మొగం పెట్టి, "మీ కోడలికి మెడ శానా బిరుసు మాదిరుండాదే చెల్లా" అనేసినాడు. అంతే. వాకిట్లో ఆడోళ్ళు ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు. ఓబుళమ్మకు తల కొట్టేసినట్టయిపోయినాది. బిరబిరా పోయి, కోడలి మెడ మీద చెయ్యేసి, "వంగమంటే నీకు కాదూ" అని కిందికి వంచేసినాది. ఆ పిల్ల అరవను కూడా అరవలా. మోకాళ్ళ మీద కూలబడి, రెండు చేతులతో మెడ పట్టుకొని, నోరు తెరుచుకొని ఉండిపోయినాది. అట్లనే, "పొద్దున చెప్పినా కదత్తా" అనింది.

పుల్లయ్య కింద నేల దిక్కే చూస్తా, "నేను నోరు జారినా, తప్పు నాది" అన్నాడంట. ఓబుళమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంటా నిలబడినాది. చెండ్రాయుడు ఉరికొచ్చి, మంగలాయనను పిలుస్తా, ఒక్క తిప్పుడు తిప్పితే పోతాది అంటే, పుల్లయ్యే, "వద్దురా, ఎవురినీ తిప్పనీవద్దు, ముందు ఆసుపత్రిలో నర్సమ్మకు చూపించు" అన్నాడు. వడ్డించిన అన్నం వడ్డించినట్టే ఉండిపోయినాది.

పక్కూర్లో చిన్న ఆసుపత్రి. ఆడ నర్సమ్మ ముందు జనం కూర్చోని ఉండారు, సగం మంది మన ఊరోళ్ళే, ఓబుళమ్మ పాలు పోసే ఇండ్లవాళ్ళే. నర్సమ్మ అడిగినాది, "వేళ్ళు తిమ్మిరెక్కినాయా? చెయ్యి పట్టు తప్పిందా? జ్వరముందా?" లేవని చెప్పినాది పిల్ల. "అవి ఉంటే పెద్ద డాక్టరు కాడికి పోవాల. లేవు కాబట్టి, కండ బిగుసుకొనింది అనుకుంటా. ఎట్లయింది?" అనింది. సుబ్బరత్న నోరు తెరవలా. చెండ్రాయునికి తెలియదు. అప్పుడు ఓబుళమ్మ, అంతమంది వింటాండంగా, "నా మోపు కూడా నేనే మోయించినా. నొప్పంటే నమ్మలా. మళ్ళీ నా చేత్తోనే వంచినా" అనింది. నర్సమ్మ తిట్టింటే బాగుండేది ఆయమ్మకు. తిట్టలా. గోరువెచ్చగా కాపడం పెట్టండి, ఎత్తు దిండు తీసేయండి, దినమంతా పండుకోకుండా నొప్పి లేనంత మట్టుకు మెల్లగా అటూ ఇటూ తిప్పుతా ఉండల్ల, నెత్తిన బరువు పెట్టొద్దు, తగ్గకపోతే మళ్ళీ రాండి, అని మామూలుగా చెప్పి పంపినాది.

ఇంటికొచ్చి ఓబుళమ్మ ఉప్పు వేయించి, పాత చీర ముక్కలో మూట కట్టి, తన చేతి మీద పెట్టుకొని వేడి చూసుకొని, కోడలి ఎనకాల కూర్చొని చెయ్యి చాపినాది. చాపంగానే ఆ పిల్ల భుజాలు రెండూ పైకి ముడుచుకున్నాయి. తెలిసి చేసింది కాదు, ఒళ్ళు దానంతటదే చేసినాది. ఓబుళమ్మ చెయ్యి ఆడనే ఆగిపోయినాది. ఆ చేతినే చూసుకుంటా ఉండి, మూట తీసి కోడలి చేతిలో పెట్టి, "నువ్వే పెట్టుకో తల్లీ" అని లేచి ఎనుముల కాడికి పోయి, ఆడ కూర్చొని ఏడ్చినాదంట. అది మొదలు పొద్దునా సాయంత్రం మూట కాచేది, చేతికిచ్చేది, దూరంగా కూర్చొనేది. కసువు తానే తెచ్చేది, రెండు తూర్లు తిరిగి. మెడ కొద్దికొద్దిగా ఒదిలినాది. ఒక పొద్దు సుబ్బరత్న మూట అందుకోలా. జడ ముందరికి వేసుకొని, ఈపు తిప్పి కూర్చొని, "నాకి అందడంలా, కొంచెం కింద పక్క పెట్టత్తా" అనింది. ఓబుళమ్మ పెట్టినాది.

పుల్లయ్య మళ్ళీ వస్తాండాడు, పోతాండాడు. ఓబుళమ్మ నోరు మారిందా అంటే ల్యా, ఇప్పుడు పోయినా మనల్నందర్నీ తిడతాది. సుబ్బరత్నను అడిగిచూడండి, మా అత్త మంచిదే అంటాది. ఓబుళమ్మను మాత్రం ఈ కత అడగద్దండి. మా ఇంటికి పాలు పోసేదానికి వస్తే నేనొకసారి అడిగినా. పాలచెంబు తీసుకొని, కొలత కూడా చూడకుండా పోసేసి, ఎలబారిపోయినాది.